మాయామాళవగౌళకు చాలని గుర్తులు

పాశ్చాత్య పంచరేఖా లిపిలో ప్రతి పంక్తికి ముందు నిలుచు షార్పు, ఫ్లాటు గుర్తుల కూటమిని కీ సిగ్నేచర్ అందురు. మ్యూజ్‌స్కోర్ వంటి స్వరలేఖన సాఫ్ట్‌వేరులో ఇవి 15 సిద్ధముగా నుండును. సి స్వరమును షడ్జముగా గ్రహించినచో, 72 మేళకర్తలలో వీనికి ఒదుగునవి ఆరే: శంకరాభరణము, కల్యాణి, హరికాంభోజి, ఖరహరప్రియ, నటభైరవి, తోడి. మన పిల్లలు సరళీస్వరములు నేర్చెడి మాయామాళవగౌళకే అందు చోటు లేదు! దానికి రిషభ ధైవతములకు మాత్రమే ఫ్లాట్లు కావలెను. సిద్ధచిహ్నములలోనో అవి ని, గ, ధ, రి అను వరుసనే చేరును. నాలుగు ఫ్లాట్లు ఎన్నుకొన్న ఉపాధ్యాయుడు గాంధార నిషాదములు వచ్చినచోటనెల్ల ఫ్లాటును తొలగించు నాచురల్ గుర్తు తగిలింపవలసినదే. తొలిపాఠమే ముళ్లకంపవలె కనబడును. రెండే ఫ్లాట్లతో క్రొత్త చిహ్నమును కల్పించుకొను వీలు అదే సాఫ్ట్‌వేరులో కలదు. ఒకసారి మలచుకొన్నచో జంటస్వరములకును, అలంకారములకును అదే చాలును.