గండుపిల్లికి మూత్రం ఆగిపోతే

మీ ఇంట్లో గండుపిల్లి ఉందా? అయితే ఒక లక్షణం గుర్తుంచుకోండి. అది ఇసుకలో గొయ్యి తీసి కూర్చుంటుంది. ముక్కుతుంది. లేచిపోయి మళ్ళీ వస్తుంది. ఒక్క చుక్కయినా రాదు. మాటిమాటికీ అక్కడే నాక్కుంటుంది, బాధతో అరుస్తుంది. చూసినవారు మలబద్ధకమనుకొని ఆముదం పట్టబోతారు. నిజానికి ఆగిపోయింది మూత్రం కావచ్చు.

విసర్జక వ్యవస్థ పాఠంలోని బొమ్మ గుర్తుందా? మూత్రపిండాలు వడపోసిన మూత్రం మూత్రాశయంలో నిలవ ఉండి, ప్రసేకం అనే గొట్టం గుండా బయటికి పోతుంది. ఆడ పిల్లిలో ఈ గొట్టం పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది. గండుపిల్లిలో పొడవుగా ఉండి, కొసకు వచ్చేసరికి మరీ సన్నబడుతుంది. మూత్రాశయం వాచినప్పుడు ఊడిన కణాలు, జిగురు, స్ఫటికాలు కలిసి అక్కడ బిరడాలా బిగుసుకుంటాయి. ఈ స్ఫటికాలలో తరచుగా కనబడేది స్ట్రువైట్, అంటే మెగ్నీషియం అమ్మోనియం ఫాస్ఫేట్. మూత్రానికి క్షారగుణం వచ్చినప్పుడు ఇది ఏర్పడుతుంది.

దారి పూర్తిగా మూసుకుపోతే ఏమవుతుంది? బయటికి పోవలసిన యూరియా, పొటాషియం రక్తంలో పేరుకుంటాయి. పొటాషియం మితిమీరితే గుండె లయ తప్పుతుంది. రెండు మూడు రోజుల్లో, ఒక్కోసారి అంతకు ముందే, ప్రాణం పోవచ్చు. వాంతులు, నీరసం కనబడ్డాయంటే అప్పటికే ఆలస్యమైందన్నమాట. అందుచేత "రేపు చూద్దాంలే" అని పెద్దలంటే మీరు ఒప్పుకోకండి. వెంటనే పశువైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళాలి. ఆయన మత్తు ఇచ్చి, సన్నని గొట్టం ఎక్కించి దారి తెరుస్తారు. ఈలోగా పొట్ట నొక్కవద్దు. ఉబ్బిన మూత్రాశయం పగలవచ్చు. మన ఇళ్ళల్లో ఉండే పారాసిటమాల్ మాత్ర అసలే వేయరాదు. దానిని విరిచివేసే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. ఒక్క మాత్రే చంపగలదు!

మూత్రం వస్తూనే ఉండి, అందులో రక్తపు జీర కనబడితే? అదీ చూపించవలసినదే, ఆడ పిల్లికైనా సరే. చిత్రమేమిటంటే, వయసులో ఉన్న పిల్లులలో దీనికి కారణం చాలావరకు సూక్ష్మజీవులు కావు. ఇల్లు మారడం, కొత్త పిల్లి రావడం వంటి బెదురు కూడా మూత్రాశయాన్ని వాచేలా చేస్తుంది.

పిల్లి పూర్వీకులు ఎండు నేలల్లో తిరిగిన అడవి పిల్లులు. ఎలుక శరీరంలో దాదాపు 70 శాతం నీరే గనుక, వేటతోనే చాలావరకు దాహం తీరేది. ఈనాడు సంచుల్లో అమ్మే ఎండు మేతలో నీరు సుమారు 10 శాతమే. అయినా పిల్లి ఆ లోటంతా తాగి పూడ్చుకోదు, మూత్రం చిక్కబడుతుంది. కనుక మేతను నీటితో తడిపి పెట్టండి. నీళ్ళ గిన్నెలు రెండు మూడు చోట్ల ఉంచి, రోజూ నీరు మార్చండి.