కామెరూన్ ప్రయాణం: పాస్‌పోర్టుకు తోడు పసుపు కార్డు

విదేశ ప్రయాణం ఒకప్పుడు ఏ కొద్దిమందికో లభించే భాగ్యం. నేడు ఉద్యోగార్థమూ, వ్యాపారార్థమూ మన యువకులు గల్ఫ్ దేశాలకే గాక ఆఫ్రికా ఖండానికి సైతం తరలి వెళుతున్నారు. పాస్‌పోర్టు, వీసా, విమానం టికెట్టు, ఈ మూడూ చేతికి వస్తే ప్రయాణానికి సర్వం సిద్ధమైనట్లేనని చాలామంది భావిస్తారు. మధ్య ఆఫ్రికా దేశాల విషయంలో ఈ భావన సరికాదు. అక్కడికి వెళ్లేవారికి నాల్గవ పత్రం ఒకటి అత్యవసరం. అది పసుపు రంగు కాగితంపై ముద్రించిన టీకా ధ్రువపత్రం. దానిని అడుగుట ఎందుకు, అది ఎవరి క్షేమం కోసం అన్న సంగతి తెలియనివారు దానిని కేవలం ఒక లాంఛనంగా తలచి పొరబడుతున్నారు. కామెరూన్ దేశాన్ని ఉదాహరణగా తీసుకొని ఈ నియమాలను, వాటి వెనుకనున్న కారణాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

దేశ పరిచయం

కామెరూన్ గినీ సింధుశాఖ తీరాన ఉన్న దేశం. దాని వైశాల్యం సుమారు 4,75,000 చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు రెండూ కలిసినా అంతకన్న చాలా చిన్నవి. 1472 ప్రాంతంలో పోర్చుగీసు నావికులు అక్కడి నదిలో రొయ్యలు విస్తారంగా ఉండడం చూసి దానికి రొయ్యల నది అని పేరు పెట్టారు. ఆ పేరే కాలక్రమాన దేశనామమైంది. 1884లో జర్మనీ వలసగా మారిన ఈ ప్రాంతాన్ని మొదటి ప్రపంచ యుద్ధానంతరం ఫ్రాన్సు, బ్రిటన్‌లు పంచుకొన్నాయి. ఫ్రెంచి భాగం 1960 జనవరి 1న స్వతంత్రమైంది. బ్రిటిషు పాలనలోని దక్షిణ భాగం 1961లో దానితో కలిసింది. అందువల్లనే ఆ దేశంలో ఫ్రెంచి, ఇంగ్లీషు రెండూ అధికార భాషలు. రాజధాని యావుండే, ప్రధాన రేవు పట్టణం దువాలా. ఈ రెండు నగరాలలోను అంతర్జాతీయ విమానాశ్రయాలు ఉన్నాయి.

ప్రవేశానుమతి

భారతీయులు వీసా లేనిదే కామెరూన్‌లో ప్రవేశించరాదు. 2023 నుంచి ఆ ప్రభుత్వం వీసా దరఖాస్తులను ఇంటర్నెట్ ద్వారా స్వీకరిస్తున్నది. కనీసం ఆరు మాసాల గడువు మిగిలి ఉన్న పాస్‌పోర్టు, ఛాయాచిత్రం, తిరుగు ప్రయాణపు టికెట్టు, ఎక్కడ బస చేయునదీ తెలిపే పత్రం దగ్గర ఉంచుకోవాలి. ఉద్యోగానికి పిలిచినవారు ఉంటే వారి ఆహ్వాన పత్రం కూడా కావాలి. రుసుములు, దరఖాస్తు విధానం మారుతూ ఉంటాయి కనుక ఆ దేశ రాయబార కార్యాలయం ద్వారా తాజా వివరాలు తెలుసుకొనుట ఉత్తమం. దళారుల మాటపై ఆధారపడుట క్షేమకరం కాదు. దేశానికి వాయవ్య, నైరుతి దిక్కులనున్న ఇంగ్లీషు ప్రాంతాలలోను, ఉత్తరపు కొసనున్న ప్రాంతంలోను కొన్ని సంవత్సరాలుగా సాయుధ సంఘర్షణలు జరుగుతున్నాయి. అటు వెళ్లదలచినవారు ముందుగా భారత ప్రభుత్వపు సూచనలను చూడాలి.

సుంకపు తనిఖీ

కామెరూన్ నాణెం మధ్య ఆఫ్రికా సి.ఎఫ్.ఎ. ఫ్రాంకు. చాద్, గాబన్, కాంగో, ఈక్వెటోరియల్ గినీ, మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌లలో సైతం ఇదే చెల్లుతుంది. ఒక యూరోకు 655.957 ఫ్రాంకులు అన్న స్థిరమైన మారకం ఉన్నందున యూరోలు తీసుకొని వెళ్లడం అనుకూలం. వెంట పెద్ద మొత్తం ఉన్నట్లయితే సుంకపు అధికారులకు తెలియజేయాలి. తిరిగి భారతదేశం చేరునప్పుడు కూడా, విదేశీ నోట్లు 5,000 డాలర్ల విలువను మించినా, నోట్లు, ట్రావెలర్స్ చెక్కులు కలిపి 10,000 డాలర్లు దాటినా లిఖితపూర్వకంగా ప్రకటించడం విధి.

మందులను వాటి అసలు పెట్టెలలోనే, వైద్యుని చీటీతో సహా ఉంచాలి. పలుచని ప్లాస్టిక్ సంచులను కామెరూన్ 2014లో నిషేధించింది. మన ఊరగాయలను, పొడులను అటువంటి సంచులలో కట్టుకొని పోరాదు. తిరిగి వచ్చేటప్పుడు ఏనుగు దంతపు వస్తువులు కొనరాదు. బూడిద రంగు ఆఫ్రికా చిలుకను ముచ్చటపడి తీసుకొని రావడం కూడా నేరమే. అంతరించిపోనున్న జీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒడంబడిక ఆ చిలుకను 2016లో అత్యంత కఠినమైన జాబితాలో చేర్చింది.

పచ్చజ్వరం

ఇక ముఖ్య విషయానికి వద్దాం. కలరా టీకా పత్రం, మశూచి టీకా పత్రం కూడా ఒకప్పుడు ప్రయాణికుల వద్ద ఉండవలసి వచ్చేది. కలరా టీకా వ్యాధి వ్యాప్తిని అరికట్టలేదని గ్రహించి 1973లో ఆ నియమాన్ని అంతర్జాతీయ నిబంధనల నుంచి తొలగించారు. మశూచి నిర్మూలనమైనట్లు 1980లో ప్రకటించారు. ఎల్లో ఫీవర్, అనగా పచ్చజ్వరం, మాత్రం మిగిలింది. ప్రయాణికులను టీకా పత్రం అడుగవచ్చునని అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు పేరు పెట్టి చెప్పిన వ్యాధి నేడు ఇదొక్కటే.

ఇది వైరస్ వల్ల కలిగే జ్వరం. అనేకులకు కొద్ది రోజులలో తగ్గిపోతుంది. కొందరిలో మాత్రం కాలేయం దెబ్బతిని కండ్లు, చర్మం పచ్చబడి, రక్తస్రావమై ప్రాణాపాయం ఏర్పడుతుంది. ఈ వైరస్‌ను చంపే మందు లేదు.

దోమ మలేరియాను మోస్తుందన్న సత్యానికి తొలి నిదర్శనం మన సికింద్రాబాదులోనే లభించింది. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని గుర్తించాడు. పచ్చజ్వరానికి కూడా దోమయే కారణమని క్యూబా వైద్యుడు కార్లోస్ ఫిన్లే 1881లోనే చెప్పినా లోకం నమ్మలేదు. 1900లో వాల్టర్ రీడ్ నాయకత్వాన అమెరికా సైనిక వైద్యులు క్యూబాలో దానిని రుజువు చేశారు. ఆ బృందంలోని జెస్సీ లాజియర్ దోమకాటు వల్ల అదే జ్వరం సోకి ఆ పరిశోధనకే బలి అయ్యాడు. దక్షిణాఫ్రికాలో జన్మించిన మాక్స్ థైలర్ వైరస్‌ను కోడి పిండ కణజాలంలో పెంచి బలహీనపరచి, 1937లో ‘17డి’ అనే టీకాను సిద్ధం చేశాడు. అందుకు ఆయనకు 1951లో నోబెల్ బహుమతి లభించింది. నేటికీ ప్రపంచమంతట వాడుకలో ఉన్నది ఆ టీకాయే.

టీకా ఒక్కసారి వేయించుకుంటే చాలు. అయితే వేసిన పది దినాల తరువాతనే ధ్రువపత్రం చెల్లుబాటు అవుతుంది. రేపు విమానం ఎక్కవలసినవారు నేడు టీకాకై పరుగెత్తడం వ్యర్థం. పూర్వం ఈ పత్రం పదేండ్లు మాత్రమే చెల్లేది. 2016 జూలై 11 నుంచి జీవితాంతం చెల్లుతుంది. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాలలో వేయించుకొన్న టీకాకే విలువ ఉంటుంది. హైదరాబాదులో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అటువంటి కేంద్రం. కోడిగ్రుడ్డు తీవ్రంగా పడనివారు, రోగ నిరోధక శక్తి సన్నగిల్లినవారు, గర్భిణులు, అరవై ఏండ్లు దాటినవారు ముందుగా వైద్యుని సంప్రదించాలి. టీకా తగదని వైద్యుడు నిర్ణయిస్తే ఆ సంగతి వ్రాసి ఇస్తాడు. దానిని అంగీకరించుట, అంగీకరించకపోవుట ఆయా దేశాల ఆరోగ్యాధికారుల ఇష్టం.

మన దేశం ఎందుకు అడుగుతుంది?

కామెరూన్ అధికారులు ఈ పత్రం చూచుట సహజమే. కాని తిరిగి వచ్చినప్పుడు మన విమానాశ్రయంలో కూడా అడుగుతారు. అది లేనివారిని, ఆ దేశం విడిచి ఆరు దినాలు నిండేవరకు, ఇతరులకు దూరంగా ప్రత్యేక స్థలంలో ఉంచే అధికారం మన ఆరోగ్యాధికారులకు ఉన్నది. అడిస్ అబాబా వంటి నగరాల మీదుగా వచ్చేవారు ఆ మార్గమధ్య దేశాన్ని సైతం లెక్కలోకి తీసుకోవాలి. స్వదేశానికి వచ్చినవానిని ఇట్లు నిర్బంధించడం న్యాయమా అని కొందరు కోపగిస్తారు. కారణం తెలిసినవారు కోపగించరు.

ఆఫ్రికా, దక్షిణ అమెరికాలలో ఉన్న ఈ జ్వరం భారతదేశంలో లేదు. కాని దానిని మోసే ఈడిస్ ఈజిప్టై దోమ మన ఇండ్లలోనే ఉన్నది. పగటిపూట కుట్టి డెంగ్యూను వ్యాపింపజేసేది అదే. కూలర్లలో, పూలకుండీల క్రింద, మూతలేని డ్రమ్ములలో నిలిచిన నీరు దానికి జన్మస్థానం. దోమ సిద్ధంగా ఉన్నది, టీకా ఎరుగని కోట్లాది ప్రజలు ఉన్నారు, లేనిది వైరస్ మాత్రమే. జ్వరం బయటపడక మునుపు వైరస్ మూడు నుంచి ఆరు దినాలు శరీరంలో దాగి ఉండగలదు. ఆరు దినాల నియమం అందువల్లనే ఏర్పడింది.

ఇది ఊహామాత్రమైన భయం కాదు. 2016లో అంగోలాలో ఈ వ్యాధి ప్రబలినప్పుడు అక్కడ పనిచేసి తిరిగి వచ్చిన కార్మికుల ద్వారా చైనాకు 11 కేసులు చేరాయి. అది అక్కడ వ్యాపించకపోవడం ఆసియా ఖండపు అదృష్టం. అదే సంవత్సరం టీకా చాలక, కిన్షాసా నగరంలో మోతాదులో ఐదవ వంతు చొప్పున ప్రజలకు వేయవలసి వచ్చింది. అటువంటి విపత్తు జనసాంద్రమైన మన నగరాలలో తలెత్తితే పరిస్థితి ఏమగునో పాఠకులే ఊహించగలరు. కొందరు డబ్బిచ్చి దొంగ కార్డు సంపాదిస్తారని వింటాం. వారు అధికారిని మోసగిస్తున్నామనుకుంటారు. నిజానికి మోసపోయేది వారి ఇల్లు, వారి వీధి.

ఇతర జాగ్రత్తలు

కామెరూన్‌లో తీవ్రమైన ఫాల్సిపారం మలేరియా విస్తారంగా ఉన్నది. 2024 జనవరిలో పిల్లలకు మలేరియా టీకాను నిత్య కార్యక్రమంగా ప్రారంభించిన మొదటి దేశం అదే. ప్రయాణికులకు మాత్రం నివారణ మాత్రలు, దోమతెర, నిండు చేతుల దుస్తులే రక్షణ. క్లోరోక్విన్ అక్కడ నమ్మదగినది కాదు. ఏ మాత్ర తగునో, తిరిగి వచ్చిన తరువాత ఎన్నాళ్లు వాడాలో వైద్యుడు చెప్పాలి. ఉత్తర ప్రాంతాలకు వెళ్లేవారు మెదడు పొరలకు వాపు కలిగించే మెనింజైటిస్‌కు టీకా వేయించుకోవాలి. హజ్ యాత్రికులకు ఇది పరిచితమైనదే. కాచి చల్లార్చిన నీరే త్రాగాలి. తిరిగి వచ్చిన తరువాత జ్వరం వస్తే, ఎన్ని మాసాలు గడిచినా, ఆఫ్రికా వెళ్లి వచ్చిన సంగతి వైద్యునికి మొదటి మాటగా చెప్పాలి.

పాస్‌పోర్టు మనమెవరమో తెలుపుతుంది. వీసా అతిథిగా మనను అంగీకరించినట్లు తెలుపుతుంది. పసుపు కార్డు తెలిపేది వేరు: మన వల్ల అక్కడివారికి గాని, తిరిగి వచ్చాక మన పొరుగువారికి గాని హాని కలుగదన్న హామీ అది. ప్రయాణం నిశ్చయమైన నాడే టీకా కేంద్రానికి వెళ్లుట వివేకవంతుల లక్షణం.