కరువు సీమలో పడవ షికారు: గట్టు మీదే తేలవలసిన భద్రత

ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే అనంతపురం పీఠభూమిలో నీటి కష్టం అనగానే తరతరాలుగా జనం మనసులో మెదిలేది నీరు లేకపోవడమే గాని, నీటిలో పడి ప్రాణం పోవడం కాదు. పెనుకొండకు దక్షిణాన జాతీయ రహదారి పక్కన ఉన్న సోమందేపల్లె వంటి చోట్ల చెరువు నిండి మరవ పారడం, అంటే మిగులు నీరు అలుగు మీదుగా దిగువకు దూకడం, కొన్నేళ్లకు ఒకసారి మాత్రమే కనిపించే శుభకార్యం. ఆ రోజు ఊరంతా కట్ట మీదికి చేరి గంగపూజ చేసుకుంటుంది. అయితే శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణా నీటిని దశలవారీగా ఎత్తిపోసే హంద్రీ-నీవా సుజల స్రవంతి పథకం ఈ ప్రాంతానికి చేరాక, పెనుకొండ సమీపంలోని గొల్లపల్లి జలాశయంలోనూ, ఆ కాలువల నీరు అందే చెరువుల్లోనూ ఒకప్పుడు ఊహించని లోతున నీరు నిలుస్తోంది. చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరు వద్ద, కడప జిల్లా పార్నపల్లెలో 2022 డిసెంబరులో బోటింగ్ జెట్టీ, అంటే పడవ ఎక్కి దిగేందుకు నీటి అంచున కట్టిన వేదిక, ప్రారంభం కావడంతో పడవ షికారు ఈ సీమవాసులకు కూడా అందుబాటులోకి వచ్చింది.

నీరు వచ్చినంత వేగంగా నీటితో మెలిగే నేర్పు రాలేదు. గోదావరి లంకల్లో పుట్టిన పిల్లలు నడకతో పాటే పడవ నడకనూ గమనిస్తూ పెరుగుతారు. అనంతపురం పల్లెల్లో పాత తరం పిల్లలు నడుముకు బెండ్లు కట్టుకుని దిగుడు బావుల్లో ఈత నేర్చుకునేవారు. బోరుబావులు వచ్చి, ఆ బావులు ఎండి పూడిపోయాక, ఈత నేర్చుకునే చోటే ఊళ్లలో లేకుండా పోయింది. కాబట్టి ఈ నేలలో పడవ ఎక్కేవారిలో అధిక భాగం ఈత రానివారే అన్న ఎరుకతోనే భద్రత గురించి ఆలోచించాలి. అటువంటి వారికి నీటి మధ్యలో చేయగలిగింది చాలా తక్కువ, గట్టు మీద ఉండగా చేయగలిగింది చాలా ఎక్కువ. పడవ ప్రమాదాల చరిత్ర మొత్తం ఈ ఒక్క మాటనే మళ్లీ మళ్లీ రుజువు చేస్తోంది.

ప్రమాదాలు చెప్పే పాఠం

2017 ఏప్రిల్‌లో గుంతకల్లు మండలం వై.టి. చెరువులో సరదాగా పడవ ఎక్కిన బంధువుల బృందం నీట మునిగి, పిల్లలతో సహా పదిమందికి పైగా మరణించారు. అది మహానది కాదు, వరద కాలం కూడా కాదు. కరువు జిల్లాలో, మండువేసవిలో, ఊరి చెరువులో జరిగిన దుర్ఘటన. అదే ఏడాది నవంబరు 12న, కార్తీక మాసపు ఆదివారం నాడు, విజయవాడ సమీపంలోని పవిత్ర సంగమం వద్ద కృష్ణా నదిలో అనుమతి లేని ప్రైవేటు పడవ బోల్తా పడి 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వారిలో ఎక్కువమంది ఒంగోలు నుంచి విహారానికి వచ్చినవారు. 2018 మే 15న గోదావరిలో మంటూరు వద్ద లాంచీ మునిగినప్పుడు, ఈదురుగాలికీ వానకూ తలుపులు మూసుకుని లోపల కూర్చున్న ప్రయాణికులు బయటకు రాలేక అందులోనే చిక్కుకుపోయారు.

2019 సెప్టెంబరు 15న పాపికొండల విహారానికి బయలుదేరిన రాయల్ వశిష్ఠ పున్నమి పడవ దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద మునిగిపోయింది. గోదావరిలో 5 లక్షల క్యూసెక్కులకు పైగా, అంటే సెకనుకు 5 లక్షల ఘనపుటడుగులకు మించిన వరద ప్రవహిస్తున్న రోజది. పడవలో ఉన్న 77 మందిలో 26 మంది మాత్రమే బతికి బయటపడ్డారు. లైఫ్ జాకెట్ల సాయంతో తేలుతున్నవారిని తూటుగుంట గ్రామస్థులు తమ పడవల్లో వెళ్లి ఒడ్డుకు చేర్చారు. ఇక 2024 జనవరి 18న గుజరాత్‌లోని వడోదర నగరం హరణి చెరువులో విహారయాత్రకు వచ్చిన 12 మంది విద్యార్థులు, ఇద్దరు ఉపాధ్యాయులు మరణించిన ఘటనలో పరిమితికి మించి ఎక్కించడం, పిల్లల్లో చాలామందికి లైఫ్ జాకెట్లు లేకపోవడం బయటపడ్డాయి. కదలని నీరు, కనుచూపు మేరలో ఒడ్డు ఉన్న చిన్న చెరువు కూడా ప్రాణాంతకం కాగలదని హరణి, వై.టి. చెరువు రెండూ చెబుతున్నాయి.

ఈ ఘటనల్లో నీటి స్వభావం వేరు, పడవ వేరు, కాలం వేరు. అయినా చాలా వాటిలో కనిపించే లోపాలు ఒకే కోవకు చెందినవి: ఎక్కవలసినవారి కంటే ఎక్కువమంది ఎక్కడం, ఒంటి మీద లైఫ్ జాకెట్ లేకపోవడం, అనుమతి లేని పడవను నమ్మడం, వద్దనవలసిన వేళ బయలుదేరడం. ఇవన్నీ గట్టు మీద ఉండగానే సరిదిద్దుకోగలిగినవే.

పడవ ఎందుకు తిరగబడుతుంది

పడవ బరువూ, అందులోని మనుషుల బరువూ మొత్తం ఒకే బిందువు వద్ద పనిచేస్తున్నట్టు భావించే ఆ బిందువును గరిమనాభి అంటారు. అది ఎంత కిందికి ఉంటే పడవ అంత నిలకడగా ఉంటుంది. కూర్చున్నవారు లేచి నిలబడినా, పై అంతస్తులోకి జనం చేరినా అది పైకి లేస్తుంది, అప్పుడు చిన్న ఒరుగు కూడా తిరిగి సర్దుకోలేని ఒరుగుగా మారుతుంది. ఫొటో కోసమో, ఒడ్డున కనిపించిన వింత కోసమో అందరూ ఒక్కసారిగా ఒక పక్కకు జరిగితే ఆ పక్క అంచు నీటిని తాకుతుంది. కేరళలోని తేక్కడి జలాశయంలో 2009 సెప్టెంబరు 30న 45 మందిని బలిగొన్న పడవ కూడా ఒక పక్కకు ఒరిగే తిరగబడింది.

పడవ పై అంచుకూ నీటి మట్టానికీ మధ్య ఉన్న ఎత్తే దాని రక్షణ గోడ. ఎక్కే ప్రతి మనిషితోనూ ఆ ఎత్తు కొంత తగ్గుతుంది. జానెడు మాత్రమే మిగిలిన పడవలోకి పక్కన వెళ్లే మోటారు పడవ రేపిన అల చాలు, నీరు చేరడానికి. లోపలికి చేరిన నీరు ఒకచోట నిలవదు, పడవ ఎటు వంగితే అటే పరుగెత్తి ఆ వంపును మరింత పెంచుతుంది. సీమ చెరువుల్లో జాలరులు వాడే పుట్టి, అంటే వెదురు అల్లికతో గుండ్రంగా కట్టే చిన్న పడవ, తెడ్డు పట్టినవాడి చేతిలో చక్కగా తిరుగుతుంది గాని, అంచు మీద కూర్చునేవారినీ లేచి నిలబడేవారినీ భరించదు. అది చేపల వేటకు కట్టినది, కుటుంబాల షికారుకు కాదు. పండుగకు వచ్చిన చుట్టాలు అడిగారని మొహమాటపడి జనాన్ని ఎక్కించుకోవడం జాలరికీ, ఎక్కినవారికీ క్షేమం కాదు.

ఒంటి మీద ఉన్నదే లైఫ్ జాకెట్

మామూలు శరీరం గల పెద్దమనిషి తల నీటి పైన నిలవడానికి నాలుగైదు కిలోల తేలింపు బలం సరిపోతుంది. వంద న్యూటన్ల లైఫ్ జాకెట్, అంటే నీటిలో దాదాపు 10 కిలోల బరువును పైకి ఎత్తగలిగినది, ఈత రానివారిని సైతం నిలబెడుతుంది. అమెరికా తీర రక్షక దళం ఏటా ప్రకటించే లెక్కల్లో విహార పడవల నుంచి పడి మునిగి చనిపోయినవారిలో పదింట ఎనిమిది మందికి పైగా లైఫ్ జాకెట్ ధరించనివారే కనిపిస్తున్నారు. పడవ ఒరిగిన తర్వాత సీటు కింద వెతికి, ముడులు విప్పి తొడుక్కునే వ్యవధి ఎవరికీ దొరకదు. మధ్యలో భోజనానికో, ఉక్కపోతకో విప్పి పక్కన పెట్టిన జాకెట్ లేనిదానితో సమానం.

జాకెట్ ఇచ్చారు కదా అని తృప్తిపడకుండా దాన్ని పరీక్షించుకోవడానికి ఒక నిమిషం చాలు. లోపలి నురుగు పలకలు నలిగి మెత్తబడ్డాయా, ఎండకు పైగుడ్డ పెళుసెక్కి చిరిగిందా, క్లిప్పులన్నీ ‘టక్’మని పడుతున్నాయా అని చూడాలి. తొడుక్కుని పట్టీలన్నీ బిగించాక, పక్కవారు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే జాకెట్ గడ్డం దాటి చెవుల దాకా లేస్తే అది వదులుగా ఉన్నట్టే. నీటిలో పడగానే మనిషి కిందికి, జాకెట్ పైకి జారిపోతాయి. పెద్దల జాకెట్ పిల్లలకు ఏమాత్రం పనికిరాదు. పిల్లలకు వారి బరువుకు తగినదీ, కాళ్ల మధ్య నుంచి బిగించే పట్టీ ఉన్నదీ కావాలి. చీర కట్టుకున్నవారు కొంగును బిగించి దోపుకుని దాని మీద జాకెట్ ధరించాలి, ఎందుకంటే వదులు కొంగు నీటిలో కాళ్లకు చుట్టుకుంటుంది.

ఈ చెరువుల తీరు

పీఠభూమి చెరువుకు తనవైన ప్రమాదాలు ఉన్నాయి. ఏళ్ల తరబడి ఎండి ఉన్న చెరువులో కంపచెట్లు దట్టంగా పెరుగుతాయి, ఒండ్రుమట్టి కోసం, ఇటుకల కోసం తవ్విన గుంతలు మిగిలిపోతాయి. నీరు చేరాక ఈ రెండూ కనిపించవు. మోకాటి లోతు నీటిలో నడుస్తున్నవాడు ఒక్క అడుగులో నిలువు లోతు గుంతలోకి జారతాడు, పడవ అడుగు కంపమోడుకు తగిలి ఒరుగుతుంది, పడినవారి బట్టలు ముళ్లకు చిక్కుకుంటాయి. తూములు, గేట్లు, ఎత్తిపోతల పంపుల నీరు లాగే చోట్లు, పారుతున్న మరవ, వీటి దరిదాపులకు ఏ పడవా వెళ్లకూడదు. సిమెంటు లైనింగు చేసిన కాలువల ఏటవాలు గోడలు పాచి పట్టి జారుతాయి కాబట్టి, అందులో పడినవారు గోడ పట్టుకుని పైకి రాలేరు.

గాలిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. రామగిరి కొండల మీద గాలిమరలను తిప్పే ఆషాఢపు గాలి, అడ్డులేని జలాశయం మీద అలలు లేపి చిన్న పడవను ఒడ్డుకు రానివ్వదు. ఏప్రిల్, మే నెలల సాయంత్రాల్లో అకస్మాత్తుగా కమ్ముకునే ఈదురుగాలి, పిడుగులు మరింత ప్రమాదకరం. నీటి నడుమ అన్నిటికంటే ఎత్తయినది పడవలోని మనిషే. ఉరుము వినిపించగానే ఒడ్డు చేరాలి, చివరి ఉరుము తర్వాత అరగంట గడిచే దాకా మళ్లీ ఎక్కకూడదు.

నీటిలో పడితే

పడవ తిరగబడినా చాలా సందర్భాల్లో తేలుతూనే ఉంటుంది. ఒడ్డు దగ్గరగానే కనిపించినా ఈదే సాహసం చేయకుండా దాన్ని పట్టుకుని ఉండడమే మేలు. ఏ ఆధారమూ లేనివారు వెల్లకిలా పడుకుని, చెవులు నీటిలో మునిగేలా తల వెనక్కి వాల్చి, చేతులు చాచి ఉంటే ముఖం పైన నిలుస్తుంది. మునిగిపోయేవారు కేకలు వేస్తారని అనుకోవడం పొరపాటు. శ్వాసకే చాలని నోరు పిలవలేదు, అందుకే మునక చాలాసార్లు నిశ్శబ్దంగా, నిమిషం లోపే జరిగిపోతుంది. పిల్లల వెంట ఉన్న పెద్దలు సెల్‌ఫోన్ పక్కన పెట్టి చేయిచాపు దూరంలో ఉండాలి.

ఒకరిని కాపాడబోయి ఒకరి వెంట ఒకరు మునిగిపోవడం మన ఊళ్లలో తరచూ వినే విషాదం. శిక్షణ లేనివారు నీటిలోకి దూకకుండా గట్టు మీది నుంచే కర్ర అందించాలి, తాడో చీరో విసరాలి, మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ క్యాను విసిరినా అది మనిషిని కాసేపు నిలబెడుతుంది. బయటకు తీసినవారిని తలకిందులుగా వేలాడదీయడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం పాత అలవాటు. దానివల్ల విలువైన నిమిషాలు వృథా అవడమే గాక, కడుపులోనిది ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ముప్పు కూడా ఉంది. 108కి గాని 112కి గాని ఫోన్ చేయించి, శ్వాస లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి ముక్కు మూసి నోటితో ఊపిరి ఊదాలి. ఆ వెంటనే ఛాతీ నడుమ నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో, పెద్దలకైతే సుమారు 5 సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి. 30 నొక్కులకు 2 ఊపిర్ల చొప్పున సాయం వచ్చేదాకా ఆపకూడదు. తేరుకున్నవారిని కూడా ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఎందుకంటే ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన నీటి ప్రభావం కొన్ని గంటల తర్వాత బయటపడవచ్చు.

చట్టం, ఊరి బాధ్యత

1917 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టం ప్రకారం యంత్రంతో నడిచే పడవకు రిజిస్ట్రేషను, దాని దృఢత్వాన్ని అధికారులు పరీక్షించి ఇచ్చే సర్వే పత్రం, నడిపే సరంగుకు అర్హత పత్రం, బీమా ఉండాలి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2017లోనే పడవ భద్రతపై మార్గదర్శకాలు వెలువరించింది. కచ్చులూరు తర్వాత రాష్ట్ర ప్రభుత్వం పడవల రాకపోకల పర్యవేక్షణకు 9 కంట్రోల్ రూములు తలపెట్టింది గాని, అవి పెద్ద నదులు, పేరున్న విహారస్థలాల కోసం ఉద్దేశించినవి. సోమందేపల్లె వంటి మండలాల్లో చెరువు గట్టు మీద కాపలా కాయవలసింది పంచాయతీ, జాతర నిర్వాహకులు, మత్స్యకార సంఘం, బడి, తల్లిదండ్రులే.

చెరువు నిండిన ఏడు పంచాయతీలు చేయవలసిన పనులకు పెద్ద ఖర్చు అవసరం లేదు. గుంతలు ఉన్న చోట హెచ్చరిక బోర్డు, గట్టు మీద ఒక తాడు, గాలి నింపిన నాలుగు ట్యూబులు, జాతర రోజున ఈత వచ్చిన ఇద్దరి కాపలా, షికారుకు అనుమతి లేని పడవల మీద గట్టి నిషేధం ఉంటే చాలు. ఏటా జూలై 25న ప్రపంచ మునక నివారణ దినాన్ని జరుపుకోవాలని ఐక్యరాజ్యసమితి 2021లో తీర్మానించింది. ఆ రోజున ప్రతి బడిలో ఒక గంటసేపు జాకెట్ తొడుక్కోవడం, తాడు విసరడం, ఊపిరి ఊదడం నేర్పితే ఒక తరం నీటితో మెలగడం నేర్చుకుంటుంది. పడవ దగ్గరకు వెళ్లే ప్రతివారూ ఎంతమందికి అనుమతి ఉందో అడగాలి, జాకెట్ బిగించుకునే దాకా కాలు పెట్టకూడదు, ఆకాశం మబ్బు పట్టినా పడవ నిండిపోయినా ఇచ్చిన డబ్బు వదులుకుని వెనుదిరగాలి. కన్నీళ్లకు ఓర్చి, తరాలు ఎదురుచూసి తెచ్చుకున్న నీరిది. ఆ నీటిలో ఒక్క బిడ్డనూ పోగొట్టుకోకుండా చూసుకోవడం ఈ సీమ ప్రజలందరి బాధ్యత.