ఎండ గోడకు ఉన్ని పరుపు

వేసవి యనగానే మనము పగటి ఎండను గూర్చియే చెప్పుకొందుము. కాని ఇంటిలోని పసిపిల్లలను, ముసలివారిని ఎక్కువగా బాధించునది రాత్రి వేడి. ప్రొద్దు క్రుంకి మూడు నాలుగు గంటలు గడచినను పడమటి గోడ చేతికి కాలుచునే యుండును. కప్పు క్రింద మంచము వేసికొన్నవారికి నిద్ర పట్టదు. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు దేశములో రెండువేలకు పైగా జనులు మరణించిరి. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములవారే. వడదెబ్బ పొలములోనే తగులుననుకొనరాదు. పగలంతయు కాగి, రాత్రియు చల్లారని గదిలో నుండువారి దేహమునకు తేరుకొను వ్యవధియే దొరకదు.

మన పూర్వులు ఈ సంగతి నెరుగనివారు కారు. కోస్తా తీరమందలి చుట్టిండ్లకు దళసరి తాటాకు కప్పు, రాయలసీమ మిద్దెలపై జానెడు చౌడుమట్టి, పెంకుటిండ్లలో పెంకునకును గదికిని నడుమ అటక, ఇవన్నియు ఎండకు అడ్డు నిలిచినవే. నేడు వాని స్థానమున సిమెంటు స్లాబు, రేకు, ఇటుక గోడ వచ్చినవి. నిప్పునకు, చెదలకు, తుపానునకు ఇవి మేలైనవి. వీనిని మేము నిందింపబోము. అయితే పాత ఇంటితోపాటు పోయిన ఒక గుణమును క్రొత్త ఇంటికి మరల చేర్చవలసి యున్నది. అట్లు చేర్చు మార్గములలో నొకటి గోడకును కప్పునకును ఉన్ని పరుపు అమర్చుట. ఇది సుత్తి, రంపము పట్టజాలిన ఏ కుటుంబమైనను స్వయముగా చేసికొనదగిన పని.

ఉన్ని యనగానే, "చలికి కప్పుకొను వస్తువు ఎండకాలమున ఇంటికేల?" యని కొందరడుగుదురు. గొర్రెల కాపరులు చలిలో గొంగడి కప్పుకొందురు; మండుటెండలోను దానినే నెత్తిన వేసికొందురు. తిరునాళ్లలో ఐసు అమ్మువారు మంచుగడ్డను రంపపు పొట్టులో పూడ్చి, పైన గోనెపట్ట కప్పుదురు. పొట్టు చల్లదనమును పుట్టించునది కాదు. బయటి వేడిని లోనికి చొరనీయదు. గొంగడిలోగాని, పొట్టులోగాని అసలు పని చేయునది నూలుపోగుల సందున, రేణువుల సందున చిక్కుకొని కదలక నిలిచిన గాలి. కదలని గాలి గుండా వేడి మిక్కిలి మెల్లగా ప్రయాణించును. ఈ యొక్క సూత్రము మనసునకు పట్టినచో, దిగువ చెప్పబోవు పనిలో ఏది ఎందుకు చేయవలెనో చదువరులకు వేరుగా చెప్పనక్కరలేదు.

అంగళ్లలో దొరకునవి ముఖ్యముగా రెండు: గాజును కరగించి తీసిన గ్లాస్‌వూల్, నల్లరాతిని కరగించి తీసిన రాక్‌వూల్. దక్కను పీఠభూమిలో, పశ్చిమ తెలంగాణమున మనము చూచు నల్లరాయి వంటి రాతినే సుమారు 1500 డిగ్రీల వేడిమిలో కరగించి, తిరునాళ్లలో పీచుమిఠాయి తీయు విధమున గిరగిర త్రిప్పి పోగులుగా తీయుదురు. గాజు ఉన్ని పరుపులు 1930ల నాటినుండి అమెరికాలో వాడుకలోనికి వచ్చినవి. అచ్చటి ఇండ్ల గోడలు కొయ్య నిట్టాళ్లతో కట్టినవి. నిట్టాడికిని నిట్టాడికిని మధ్య 16 అంగుళముల దూరముండును గనుక, 15 అంగుళముల వెడల్పు గల పరుపును ఇంటివారే ఆ సందులో చొప్పించి పైన పలకలు కొట్టుకొందురు. మన ఇటుక గోడలో అట్టి సందు లేదు. కనుక మనమే దానిని కల్పించుకొనవలెను. మన పనికిని వారి పనికిని గల ముఖ్యమైన తేడా ఇదియే.

ఏ గోడకు మొదట?

ఇల్లంతయు ఒక్కమారుగా చేయ బూనుకొనరాదు, ధనము వ్యర్థమగును. ఏప్రిలు చివరి వారమునుండి మే మూడవ వారము వరకు మన రెండు రాష్ట్రములలో ఏదో యొక చోట సూర్యుడు మధ్యాహ్నమున సరిగా నడినెత్తిన నిలుచును. అందుచేత వేసవిలో ఎండ మిక్కుటముగా పడునది కప్పుపైన. ఆ తరువాత తూర్పు, పడమటి గోడలపైన. దక్షిణపు గోడపై ఆ దినములలో ఎండ అంతగా పడదు. తూర్పు గోడ ఉదయము కాగి సాయంకాలమునకు చల్లారును గాని, పడమటి గోడ సంగతి వేరు. తొమ్మిదంగుళముల ఇటుక గోడ గుండా వేడి లోపలికి చేరుటకు ఆరేడు గంటలు పట్టును. సాయంకాలము నాలుగు గంటలకు బయట త్రాగిన ఎండను ఆ గోడ రాత్రి పది, పదునొకండు గంటలకు గదిలోనికి క్రక్కును. కాబట్టి కప్పు మొదటిది, పిల్లలును వృద్ధులును పరుండు గదియొక్క పడమటి గోడ రెండవది. తక్కినవి వీలును బట్టి చేసికొనవచ్చును.

స్లాబు ఇల్లయినచో కప్పునకు చౌకయైన ఉపాయము సున్నమే. వేసవి ప్రవేశింపకముందే పైభాగమును శుభ్రముగా కడిగి తెల్లని సున్నము రెండు పూతలు వేసినచో ఎండలో చాలభాగము వెనుకకు తిరిగిపోవును. దుమ్ము పట్టి తెలుపు తగ్గును గనుక ఏటేట వేయవలెను. 2023లో తెలంగాణ ప్రభుత్వము ప్రకటించిన చల్లని కప్పుల విధానమునకు మూలము ఈ తెలుపే. 2018లో కేంద్ర ప్రభుత్వము పెద్ద ఇండ్ల కొరకు వెలువరించిన ఎకో నివాస్ సంహిత, కప్పు గుండా చదరపు మీటరునకు డిగ్రీ యొక్కింటికి 1.2 వాట్లకు మించి వేడి దిగరాదని నియమము పెట్టినది. ఏ పొరయు లేని స్లాబు గుండా దిగునది మూడు వాట్లకు పైమాటే. పల్లెలోని చిన్న యింటికి ఆ నియమము వర్తింపకున్నను, ఎండ మాత్రము చిన్న యిల్లని విడిచిపెట్టదు.

గోడపని

పండ్రెండడుగుల పొడవు, పదియడుగుల ఎత్తుగల పడమటి గోడను తీసికొందము. దీనికి రెండంగుళముల మందము గల రాక్‌వూల్ పలకలు కావలెను. మీటరు పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు గల పలకలైనచో 19 సరిపోవును. కోతలో చెడునవి యుండును గనుక రెండు ఎక్కువగా తెచ్చుకొనుట మంచిది. ఘనపు మీటరునకు 48 కిలోల సాంద్రత గల రకము చాలును. అంతకంటె బరువైనవి ఖర్చు పెంచును గాని ఇంటి గోడకు అంతగా ఉపకరింపవు. రెండంగుళముల చదరపు రీపర్లు, మరలు, గోడలో దిగగొట్టు ప్లాస్టిక్ ప్లగ్గులు, పైన మూయుటకు జిప్సం బోర్డు తక్కిన సామగ్రి. రీపర్లకు ముందుగానే చెదలమందు పూసి ఆరనీయవలెను.

మొదట గోడను పరీక్షింపవలెను. వానకు చెమర్చు గోడపై, అడుగునుండి తేమ ఎక్కు గోడపై ఈ పని చేయనే కూడదు. తడిసిన ఉన్నిలో గాలికి బదులు నీరుండును. నీరు వేడిని ఆపదు. పైగా బూజు పట్టి వాసన వేయును. బయటి పగుళ్లను పూడ్చి, బయటివైపు వాననిలువని పూత వేయించి, ఒక వానకాలము చూచిన పిమ్మట పని మొదలుపెట్టిన వారికి చింత యుండదు. ఆ గోడలో కరెంటు తీగలున్నచో మెయిను ఆపివేసి, పనితెలిసినవారిచేత తీగలన్నియు గొట్టములలో నున్నవో లేవో చూపించుకొనవలెను.

అటుపిమ్మట రీపర్లను నిలువుగా బిగింపవలెను. పలక వెడల్పు 60 సెంటీమీటర్లయినచో రీపరునకును రీపరునకును నడుమ ఖాళీ 59 సెంటీమీటర్లే యుండవలెను. ఆ యొక్క సెంటీమీటరు తేడాచేతనే పలక తనంతట తాను బిగిసి నిలుచును; మేకు అవసరముండదు. ఈ లెక్కన మన గోడకు రీపర్లు ఏడు పట్టును. చివరి ఖాళీ 36 సెంటీమీటర్లు మిగులును; దానికి పలకను 37 సెంటీమీటర్లకు కోయవలెను. కోయునపుడు పలకపై నిటారైన చెక్క నదిమి, పొడవైన కత్తితో ఒకే దిక్కునకు లాగవలెను. రంపమువలె ముందు వెనుకలకు ఆడించినచో అంచు చిరిగిపోవును.

పలకను అమర్చుటలో రెండు తప్పులు సామాన్యముగా జరుగును. ఒకటి, పెద్ద పలకను చిన్న సందులో కూరి యదుముట. ఎక్కువ ఉన్ని పట్టినది గదా యని సంతోషింతురు గాని, అదిమినపుడు పోవునది గాలియే. అసలు పని చేయునది అదియే. రెండవది, మూలలను, స్విచ్చిపెట్టె చుట్టును, తీగ వెనుకను ఖాళీలు విడుచుట. బొటనవ్రేలెడు ఖాళీ గుండా వేడిగాలి వెనుకవైపున తిరుగాడి పలక చేయు మేలును చాలవరకు హరించును. తీగ గొట్టము అడ్డు వచ్చినపుడు పలకను మందము నడుమ చీల్చి, సగము గొట్టము వెనుకకు, సగము ముందునకు త్రోయవలెను. స్విచ్చిపెట్టె లోపల మాత్రము ఉన్ని కూరకూడదు. వేడెక్కు దీపముల వెనుక కొంత ఎడము విడువవలెను. రెండు పలకల అంచులు ఒకదానినొకటి తాకుచుండవలెను గాని ఒకదానిపై నొకటి ఎక్కకూడదు.

ఇట్లు శ్రద్ధగా చేసిన తొమ్మిదంగుళముల గోడ గుండా లోనికి వచ్చు వేడి పూర్వపు వేడిలో సుమారు మూడవ వంతునకు తగ్గును. పలకలు నిలిపిన దినముననే జిప్సం బోర్డు మూయుట ఉత్తమము. దానికి బదులు వెదురు తడకను బిగించి మట్టిపూత వేసికొన్నను తప్పులేదు. ఆ పూతకు పగులు రాకుండ పేడ, ఊక కలుపు నేర్పు మన గృహిణులకు కొత్త కాదు. ఏది వాడినను ఉన్నిని తెరచియుంచరాదు. గాలికి రాలిన పోగులు కండ్లకును, ఊపిరికిని బాధ కలిగించును.

పని చేయువారి రక్షణ విషయమున మేము ఉపేక్ష సహింపము. గాజు, రాతి పోగులు చర్మమున గ్రుచ్చుకొని దురదపెట్టును. పొడుగుచేతుల చొక్కా, చేతితొడుగులు, కంటి అద్దములు, ముక్కునకు ఎన్-95 ముసుగు తప్పక ధరింపవలెను. తలకు తుండుగుడ్డ చుట్టుకొనవలెను. పిల్లలను ఆ గదిలోనికి రానీయకూడదు. పని ముగిసిన పిదప మొదట చన్నీళ్లు ధారగా పోసికొనవలెను గాని రుద్దుకొనకూడదు. రుద్దినకొలది పోగు లోతునకు దిగును. ఆ బట్టలను ఇంటిబట్టలతో కలిపి ఉతుకరాదు.

రేకుల యిల్లు

రేకుల క్రింద కాపురముండువారికి పై పనికంటె ఇది ముందు చేయదగినది. మే నెల మధ్యాహ్నమున రేకు వేడి 60 డిగ్రీలను దాటును. రేకును మోయు అడ్డదూలముల అడుగున కోళ్లజాలిని బిగువుగా కట్టి, దానిపై పలకలను పరచవలెను. పలకకును రేకునకును నడుమ రెండంగుళముల ఖాళీ విడిచి, రెండు చివరల గాలి పోవుటకు సందులుంచవలెను. ఒకవైపు అల్యూమినియం రేకు అంటించిన రకము దొరకినచో మెరపు వైపును పైకి, అనగా ఖాళీ వైపునకు త్రిప్పవలెను. రేకు వెదజల్లు సెగను ఆ మెరపు త్రిప్పికొట్టును. మెరపు రేకును దేనికైనను అదిమియుంచినచో ఆ గుణము పోవును. సందులకు సన్నని జాలి కొట్టనిచో ఎలుకలకు మనము మెత్తని పడక సిద్ధము చేసినవారమగుదుము!

ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకులున్న ఇండ్లవారికి ఒక హెచ్చరిక: ఆ రేకులకు రంధ్రములు తొలుచుట, కోయుట, గీకుట ఎంతమాత్రము కూడదు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రాణాంతక వ్యాధులు తెచ్చును. ప్రతి మరయు దూలమునకే బిగింపవలెను.

ఇంతదూరము చదివినవారు, మా ఊరనే దొరకు వస్తువులు పనికిరావా యని అడుగవచ్చును. పనికివచ్చును. కోనసీమ కొబ్బరిపీచు గాజు ఉన్నికి దాదాపు సాటియైనది. వరిగడ్డి, ఊక కొంత తక్కువైనను ఇటుకకంటె ఎన్నో రెట్లు మేలు. అయితే ఇవి నిప్పంటుకొనును. చెదలు, ఎలుకలు చేరును. విడి ఊక కొన్ని నెలలకు అడుగునకు దిగి పైన ఖాళీ ఏర్పడును. పొయ్యి యున్న గదిలోగాని దాని ప్రక్క గోడకుగాని వీనిని వాడవద్దని మా సలహా. థర్మోకోలు వేడిని బాగుగనే ఆపును. కాని అంటుకొనినచో నల్లని విషపు పొగ వెలువడును. దానిని తెరచి అంటించుట అపాయకరము.

ఆవిరి పొర విషయమున ఒక సందేహము తీర్చవలసి యున్నది. పాలిథీను పొరను గది వైపున కప్పవలెనని శీతల దేశముల పుస్తకములలో నుండును. అచ్చట గది వెచ్చన, బయట చలి. తేమ లోపలినుండి గోడలోనికి పోవును. మన తీరజిల్లాలలో ఏసీ పెట్టిన గదికి ఇది తలక్రిందులు. బయటి ఉక్కలోని తేమయే లోనికి వచ్చి చల్లని బోర్డు వెనుక నీరుగా మారును. అట్టి గదికి పాలిథీను కావలసినచో అది ఇటుక గోడకును ఉన్నికిని నడుమ నుండవలెను. పంకాతో గడుపు గదికి ఆ పొర యక్కరలేదు.

పరుపు వేసిన గదిని పగలు మూసియుంచి, చీకటిపడి బయటిగాలి చల్లబడిన పిదప కిటికీలన్నియు తెరువవలెను. లోపల పుట్టిన వేడిని కూడ ఈ పొర బయటికి పోనీయదు గనుక రాత్రి గాలి తప్పనిసరి. గోడ అడుగున నుండు బోర్డును మాత్రము పుట్టీతో పూడ్చక మరలతోనే విడియుంచుడు. మొదటి పెద్దవాన వెలిసిన మరునాడు దానిని విప్పి, లోపలి పలకను చేతితో నదిమి చూడుడు. తడి తగిలినచో ఆ యొక్క వరుసను తీసి యెండబెట్టి, నీరు దిగు చోటును బయటనుండి వెదకి పూడ్చిన తరువాతనే మరల బిగింపవలెను.