ఉదజని మోటారుబండ్లు: వాని లాభనష్టముల లెక్క

హైడ్రోజనుతో, అనగా ఉదజనితో, నడచు మోటారుబండ్లను గూర్చి పత్రికలయందు తరచుగా వ్రాయబడుచున్నది. ఈ బండ్లకు పొగ లేదనియు, గొట్టమునుండి నీరు మాత్రమే కారుననియు, ఆ నీటినుండియే ఇంధనము దొరకుననియు చదివి, మన సంఘ సభ్యులలో కొందరు మమ్ము రెండు ప్రశ్నలు అడుగుచున్నారు. పంటను సంతకు తోలుటకు బండి కొనదలచినవారు ఈ క్రొత్త బండ్లు వచ్చువరకు ఆగవలెనా యనునది మొదటిది. పెట్రోలు ఇంజనునకు నీటిసీసా నొకదానిని తగిలించినచో ఖర్చు సగమగునని చెప్పి యమ్మజూపు పరికరములను కొనవచ్చునా యనునది రెండవది. రెండింటియందును రైతు కష్టార్జితము చిక్కుకొనియున్నది గావున, ఈ విషయమును అంకెలతో విచారించుట యావశ్యకమని తలచితిమి.

మొట్టమొదట గ్రహింపవలసిన దేమనగా, ఉదజని మన వాడుకకు చాలినంతగా ప్రకృతిలో విడిగా దొరకునది కాదు. అది ఆమ్లజనితో కూడి నీరుగను, కర్బనముతో కూడి సహజవాయువుగను ఉండును. ఉదజని మండగా మిగులునది నీరు. కట్టెకు బూడిద యెట్టిదో ఉదజనికి నీరు అట్టిది. బూడిదను మరల కట్టెగా మార్చవలెనన్నచో, ఆ కట్టె మండినపుడు వెలువడిన వేడికంటె తక్కువ శక్తితో అది సాధ్యము కాదు. నీటిసంగతియు నంతియే. నీటిసీసా పరికరములలో నీటిని విడదీయు విద్యుత్తు ఆ బండి బ్యాటరీనుండియే రావలెను. ఆ బ్యాటరీని నింపునది పెట్రోలే. వెచ్చించినదానికంటె తిరిగి వచ్చునది ఎప్పుడును తక్కువగనే యుండును. కావున ఇట్టి పరికరములపై ఒక్క రూపాయియైనను పెట్టరాదని మా నిశ్చితాభిప్రాయము.

ఇక నిజమైన ఉదజని బండి సంగతి. విద్యుత్తుచే నీటిని రెండు వాయువులుగా విడదీయవచ్చునని 1800 సంవత్సరమున ఇంగ్లండులో నికొల్సను, కార్లయిలు అనువారు కనుగొనిరి. ఆ రెండు వాయువులను మరల కలిపి విద్యుత్తును పుట్టించు ఉపాయమును 1839లో విలియం గ్రోవు చూపెను. నేటి బండ్లలో నుండు ఇంధన ఘటము, అనగా ఫ్యూయెల్‌సెల్లు, దాని సంతతియే. జపానునందలి టొయోటా వారు మిరాయి యను ఇట్టి బండిని 2014 డిసెంబరులో విక్రయమునకు తెచ్చిరి. మన దేశమున 2022 మార్చి 30వ తేదీన కేంద్ర రవాణామంత్రి నితిన్ గడ్కరీ గారు ఆ బండియందే పార్లమెంటునకు వచ్చిరి. 2020లో వెలువడిన రెండవ తరపు మిరాయి 5.6 కిలోల ఉదజనితో 600 కిలోమీటర్లకు పైగా పోగలదు. అయిదు నిమిషములలో ఇంధనము నింపుకొనవచ్చును. ఇవి తీసివేయదగిన గుణములు కావు.

అయితే గుణములు చూచి ఖర్చు చూడకుండుట వ్యవహారము తెలిసినవారి పద్ధతి కాదు. చెరువు తూమువద్ద నూరు పాళ్లు నీరు విడిచినచో, కాలువ పొడవు హెచ్చినకొలది ఇంకుడు హెచ్చి, చివరి మడికి చేరునది తగ్గిపోవును గదా. విద్యుత్తునకును ఇదే న్యాయము. నూరు యూనిట్ల విద్యుత్తును నీటిని విడదీయుటకు వాడినచో, ఉదజని రూపమున మిగులునది సుమారు 65 పాళ్లు. ఆ వాయువు మిక్కిలి పలుచనిది; ఒక కిలో ఉదజని మామూలు గాలియొత్తిడిలో సుమారు 11, 12 ఘనమీటర్ల చోటు నాక్రమించును. దానిని బండి తొట్టిలో నిముడ్చుటకు గాలియొత్తిడికి 700 రెట్లు ఒత్తిడితో బిగింపవలెను. ఈ బిగింపునకును చల్లార్చుటకును కొంత పోగా 58 పాళ్లు మిగులును. ఇంధన ఘటములో సగము వేడిగా పోవును. తుదకు చక్రమునకు చేరునది 27, 30 పాళ్లకు మించదు. అదే నూరు యూనిట్లను బ్యాటరీలో నింపి బండిని నడపినచో 70 పాళ్లకు తక్కువ కాకుండ చక్రమునకు చేరును. ఇది పొట్టి కాలువ, అది పొడుగు కాలువ.

దీనిని మరియొక విధముగా లెక్కింతము. ఒక కిలో ఉదజనిని నీటినుండి తీసి తొట్టిలో నింపుటకు సుమారు 55 యూనిట్ల విద్యుత్తు కావలెను. యూనిటు 6 రూపాయలని యెంచినచో విద్యుత్తునకే 330 రూపాయలగును. యంత్రములు, తొట్లు, రవాణా ఖర్చులు వేరు. ఆ కిలోతో బండి సుమారు 100 కిలోమీటర్లు పోవును. అవే 55 యూనిట్లు బ్యాటరీ బండిని సుమారు 300 కిలోమీటర్లు నడపును.

గాలి శుభ్రతమాట యేమని యడుగుదురు. బండి గొట్టమునుండి నీరు మాత్రమే వచ్చుట సత్యమే. ఇరుకు వీథులలో నివసించువారి ఊపిరితిత్తులకు అది నిజమైన మేలు. కాని పొగను బండివద్ద గాక, ఇంధనము పుట్టుచోట వెదకవలెను. నేడు ప్రపంచమున ఉదజనిలో అధికభాగము సహజవాయువునుండియు బొగ్గునుండియు తీయబడుచున్నది. సహజవాయువునుండి కిలో ఉదజని తీయగా 9, 10 కిలోల బొగ్గుపులుసు గాలి, అనగా కార్బన్ డయాక్సైడు, వెలువడును. బొగ్గునుండి తీసినచో 18, 20 కిలోలు. లీటరుకు 18 కిలోమీటర్లు పోవు పెట్రోలు బండి నూరు కిలోమీటర్లకు సుమారు 13 కిలోలు విడుచును. సహజవాయువు ఉదజనివలన లాభము స్వల్పము. బొగ్గు ఉదజనివలన నష్టమే.

మన దేశమున విద్యుత్తులో అధికభాగము బొగ్గువలననే పుట్టుచున్నది; యూనిటు ఒకటికి సుమారు 0.7 కిలో బొగ్గుపులుసు గాలి లెక్కకు వచ్చును. ఆ విద్యుత్తుతో ఉదజని తీసినచో కిలోకు 38 కిలోలు దాటును. అనగా పెట్రోలు బండికి దాదాపు మూడు రెట్లు. అదే విద్యుత్తుతో బ్యాటరీ బండి నూరు కిలోమీటర్లు నడచినచో 13 కిలోలు, పెట్రోలు బండితో సమానము. సూర్యరశ్మి విద్యుత్తు హెచ్చినకొలది ఇది తగ్గిపోవును. ఇంజనులోనే ఉదజనిని మండించు పద్ధతి యొకటి కలదు. అందు వేడికి గాలిలోని నత్రజని కూడ కాలి హానికరమగు వాయువులు పుట్టును.

సూర్యరశ్మి విద్యుత్తుతోనే ఉదజని తీయుదుమందురా? పొగ లెక్కకు అది మేలే. కాని ఒక మెగావాటు సౌరఫలకములకు సుమారు 4, 5 ఎకరముల నేల కావలెను. అదే దూరమునకు ఉదజని బండి బ్యాటరీ బండికంటె మూడింతల విద్యుత్తు తినును గనుక మూడింతల నేలయు కోరును. ఆ నేల ఎవరిదో రైతు సోదరులకు మేము చెప్పనక్కరలేదు.

ఇంత చెప్పి ఉదజని పనికిరానిదని మే మనుటలేదు. అది చేయదగిన పని మన పొలమునకు సమీపముననే యున్నది. గాలిలోని నత్రజనితో ఉదజనిని కలిపినగాని అమ్మోనియా లేదు. అమ్మోనియా లేనిదే యూరియా లేదు. 45 కిలోల యూరియా బస్తా యొకటి తయారగుటకు నాలుగున్నర కిలోల ఉదజని పట్టును. అనగా మిరాయి బండి తొట్టిలోని వాయువు ఒక బస్తాకు కొంచెము మించును. 2021లో ఉత్పత్తి ప్రారంభించిన రామగుండము కర్మాగారము ఏటికి 12.7 లక్షల టన్నుల యూరియా తీయగలది. దాని ఉదజని సహజవాయువునుండియే వచ్చుచున్నది. కేంద్రప్రభుత్వము 2023 జనవరిలో 19,744 కోట్ల రూపాయలతో హరిత హైడ్రోజను పథకమును ఆమోదించి, 2030 నాటికి ఏటికి 50 లక్షల టన్నులు తీయవలెనని సంకల్పించినది. బండికి బ్యాటరీ యను మారుదారి కలదు. ఎరువునకు ఉదజని తప్ప మారుదారి లేదు. పొగలేని ఉదజని కొలది కొలదిగా దొరకు కాలమున అది ముందుగా ఎరువుల కర్మాగారములకును, పిదప ఉక్కు కొలుములకును, ఓడలకును పోవుట న్యాయము.

కావున సభ్యులకు మా మనవి యిది. పంటలు తోలుటకు బండి అవసరమైనవారు ఉదజని బండికై ఆగనక్కరలేదు. దినమునకు నూరు కిలోమీటర్లలోపు తిరుగువారు బ్యాటరీ బండి వెలను, బరువు మోయు శక్తిని, ఊరిలో కరెంటు ఉండు వేళలను విచారించి నిర్ణయించుకొనవలెను. ఉదజని పేరు చెప్పి ఎవరైనను వాటాలు అమ్మవచ్చినను, నేల కౌలునకు కోరినను, మూడు ప్రశ్నలు వేయవలెను: ఉదజని దేనినుండి తీయుదురు? కిలోకు ఎన్ని యూనిట్లు పట్టును? దానిని ఎవరు ఏ వెలకు కొందురు? ఈ మూడింటికి కాగితముపై జవాబు వచ్చువరకు వ్రేలిముద్రగాని, సంతకముగాని వేయక, ఆ కాగితములను సంఘ కార్యాలయమునకు తెచ్చి చూపవలెను.