యువ ఆటగాడి ధర, శిక్షణ వాటా: ఫుట్‌బాల్ బదిలీలు – విశాఖ క్రికెట్

పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బులకు యువ ఆటగాళ్ల క్రయవిక్రయం ఒక ప్రధాన ఆదాయ మార్గం. బయటి నుంచి కొన్న ఆటగాడి ధరను క్లబ్బు తన లెక్కల్లో ఒప్పంద కాలానికి పంచి, ఏటా కొంత తరుగుగా చూపుతుంది. సొంత అకాడమీలో పెరిగినవాడికి కొనుగోలు ధర లేదు. అతన్ని అమ్మగా వచ్చిన సొమ్ము దాదాపు అంతా లాభమే. ఆరేళ్ల వయసులో చెల్సీ అకాడమీలో చేరిన మేసన్ మౌంట్‌ను ఆ క్లబ్బు మొదట విటెస్సే, డెర్బీ కౌంటీ క్లబ్బులకు అరువిచ్చింది. 2023లో సుమారు 5.5 కోట్ల పౌండ్లకు మాంచెస్టర్ యునైటెడ్‌కు అమ్మింది. అరువు కాలంలో ఆటగాడు రాటుదేలేది వేరొకరి మైదానంలో. పెరిగిన విలువ మాత్రం యజమాని క్లబ్బుదే. పల్లెల్లో దూడను పెంపకానికిచ్చే ఆచారంలో పెంచినవాడికీ వాటా ఉంటుంది.

ఫుట్‌బాల్‌లోనూ అటువంటి వాటా ఒకటి ఉంది. దేశాంతర బదిలీ జరిగితే రుసుములో 5 శాతాన్ని, ఆటగాడికి 12 నుంచి 23 ఏళ్ల మధ్య శిక్షణనిచ్చిన క్లబ్బులకు పంచాలని ఫిఫా నిబంధన. రుసుము 100 కోట్లయితే, 12–15 ఏళ్ల ప్రాయంలో నాలుగేళ్లు తీర్చిదిద్దిన చిన్న క్లబ్బుకు 1 కోటి దక్కుతుంది. స్వల్పమే, కానీ అది హక్కు.

విశాఖపట్నంలో ఈ చర్చకు తగిన ఉదాహరణ ఫుట్‌బాల్‌లో కంటే క్రికెట్‌లో దొరుకుతుంది. ఈ నగరంలో పుట్టిన నితీశ్ కుమార్ రెడ్డి 2017–18 విజయ్ మర్చంట్ ట్రోఫీలో 1,237 పరుగులు చేశాడు. అతని శిక్షణలో ఆంధ్ర క్రికెట్ సంఘం పాత్ర ఎంతో, హిందుస్థాన్ జింక్ ఉద్యోగాన్ని వదులుకున్న తండ్రి పాత్రా అంతే. 2023 సీజనుకు సన్‌రైజర్స్ హైదరాబాద్ అతన్ని 20 లక్షలకు తీసుకుంది. 2024లో 303 పరుగులు చేసి వర్ధమాన ఆటగాడి పురస్కారం పొందినప్పుడూ అతని ధర అదే. 2025కు అతన్ని నిలుపుకోవడానికి జట్టు 6 కోట్లు కేటాయించింది.

ఫుట్‌బాల్ క్లబ్బు లాభం అమ్మకంలో కనిపిస్తుంది. ఐపీఎల్ జట్టు లాభం అట్టిపెట్టుకోవడంలో దాగి ఉంటుంది: 20 లక్షలకు దక్కిన 2024 సీజనే ఆ లాభం. పైగా వేలం ధర ఆటగాడి వేతనమే గాని బదిలీ రుసుము కాదు. చేతులు మారే రుసుమే లేనప్పుడు దేనిలో 5 శాతం లెక్కించాలి? బోర్డు నుంచి రాష్ట్ర సంఘాలకు నిధులు అందుతాయి; అవి ఏ ఒక్క ఆటగాడి ధరతోనూ ముడిపడినవి కావు.

నష్టభారం కూడా తారుమారవుతుంది. విశాఖకే చెందిన కె.ఎస్. భరత్ ధర 2022లో 2 కోట్లు, 2023లో 1.2 కోట్లు, 2024లో 50 లక్షలు. ఫుట్‌బాల్‌లో ఆటగాడి ధర పడితే ముందుగా దెబ్బతినేది కొన్న క్లబ్బు పెట్టుబడి. వేలంలో ఆ తగ్గుదల నేరుగా ఆటగాడి వేతనంలోనే పడుతుంది.

2025 మార్చి 30న విశాఖ మైదానంలో ఢిల్లీ క్యాపిటల్స్ ఆతిథ్య జట్టుగా ఆడింది. నితీశ్ రెడ్డి అతిథి జట్టులో ఉన్నాడు.