అమ్మ పేరు పక్కన ఒక్క మాటేనా?

పుట్టిన తేదీ, పోయిన తేదీ, మధ్యలో ‘గృహిణి’.. యాభై ఏళ్ల చాకిరీకి మిగిలే జ్ఞాపకం ఇంతేనా? ఇంటిపనికి లెక్క కట్టే ప్రయత్నాలకు రెండుసార్లు వేదికైన ధర్మపురి జిల్లాలో ఈ ప్రశ్న ఇంకా అలాగే ఉంది.

సోగత్తూరు (ధర్మపురి): తమిళనాట ఎవరింట్లోనైనా మనిషి పోతే తెల్లారేసరికి గోడ మీద ‘కణ్ణీర్ అంజలి’ పోస్టరు పడుతుంది. ధర్మపురి పక్కనున్న సోగత్తూరులోనైనా అంతే. తెలుగు ఇళ్లవాళ్లు వేయించేదీ తమిళ పోస్టరే. పోయింది నాయనైతే రాయడానికి ఏదో ఒకటి ఉంటుంది. రిటైర్డు టీచరు, వ్యాపారి, మాజీ వార్డు మెంబరు.. అదే అమ్మైతే? ఫలానా వారి భార్య, ఫలానా వారి తల్లి. అంతే!

మరి ఆమె చేసిన పని ఎక్కడికి పోయినట్టు?

చీకటితోనే మొదలు

ధర్మపురిది మెట్ట సీమ. రాగులు, చింతచెట్లు, మామిడి తోటల నేల. ఇక్కడి పాత తరం అమ్మల రోజు కోడికూతతో మొదలయ్యేది. వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గేయాలి. రాగులు విసరాలి. పొయ్యి ముందు పొగలో కూర్చుని సంగటి కెలకాలి. బడికి పోయేవాళ్లకు, చేనికి పోయేవాళ్లకు వేళకు సద్ది కట్టాలి. చింతపండు కాలం వచ్చిందంటే కాయ కొట్టి గింజ తీసే పని అదనం. అందరూ తిన్నాకే ఆమె తిండి. మిగిలితే సంగటి, లేదంటే గంజి!

నీళ్ల సంగతి మరీ కష్టం. ఈ జిల్లా భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. పళ్లు గారపట్టడం, ఎముకలు నొప్పిపెట్టడం ఇక్కడివారికి తెలిసిన బాధే. హొగెనకల్ నుంచి కావేరి నీళ్లు తెచ్చే పథకం 2013లో గానీ ప్రారంభం కాలేదు. అంతవరకు మంచినీటి కోసం బిందెలు పట్టుకుని తిరిగింది ఎక్కువగా ఆడవాళ్లే. ఒక్కో అమ్మ జీవితకాలంలో ఎన్ని వేల బిందెలు మోసిందో లెక్క రాసినవారు లేరు.

అమ్మే తెలుగు బడి

జీతం లేని ఇంకో ఉద్యోగమూ ఆమే చేసింది. 2006 నాటి చట్టంతో తమిళనాడు బళ్లలో ఒకటో తరగతి మొదలుకుని విడతలవారీగా పదో తరగతి దాకా తమిళం తప్పనిసరైంది. బడి తమిళం, బజారు తమిళం, బస్సు బోర్డు తమిళం. చాలా ఇళ్లలో పిల్లల చెవిన తెలుగు పడింది అమ్మ నోటి నుంచే. బువ్వ పెడుతూ, జోల పాడుతూ, కోప్పడుతూ నేర్పింది. రాయడం రాకపోయినా మాట్లాడటం మిగిలింది అందువల్లే. ఆమె పోతే వంటింటి మాటలు, సామెతలు, చుట్టరికాల వరసలు ఆమెతోనే పోతాయి. కొడుకు, మనవడు తమిళంలోకి మారిపోవడానికి ఎంతోకాలం పట్టదు.

లెక్క ఇక్కడే మొదలైంది

చిత్రమేమిటంటే, ఆడవాళ్ల శ్రమను గుర్తించే ప్రయత్నాల్లో ధర్మపురి పేరు ముందే ఉంది. ఐక్యరాజ్యసమితికి చెందిన ఐఫాడ్ సాయంతో తమిళనాడులో మహిళా సంఘాల పథకం 1989లో మొదలైంది ఈ జిల్లాలోనే. ఇంటి గృహిణికి నెలకు రూ.1,000 ఇచ్చే ‘మగళిర్ ఉరిమై తొగై’ దరఖాస్తు శిబిరాలను అప్పటి ముఖ్యమంత్రి స్టాలిన్ 2023 జులై 24న ప్రారంభించింది కూడా ఈ జిల్లాలోని తొప్పూరులోనే. ఆ సెప్టెంబరు 15న పథకం అమల్లోకి వచ్చింది. ‘ఉరిమై’ అంటే హక్కు. సాయం అనకుండా హక్కు అనడమే అందులో కొత్త సంగతి.

అయితే ఆ వెయ్యి ఏ మూలకు? కేంద్రం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు దానికే వెచ్చిస్తున్నారు. మగవాళ్లు 88 నిమిషాలు. నెలకు లెక్కేస్తే ఆమె పని 144 గంటల పైమాటే. వెయ్యి రూపాయలను ఆ గంటలతో భాగిస్తే గంటకు ఏడు రూపాయలు కూడా రావు!

కోర్టులు ఏమన్నాయంటే..

1989 నాటి జంషెడ్‌పూర్ అగ్నిప్రమాదం కేసులో చనిపోయిన గృహిణుల సేవకు సుప్రీంకోర్టు 2001లో నెలకు రూ.3,000 విలువ కట్టింది. 2021 జనవరిలో ఢిల్లీ రోడ్డు ప్రమాదం కేసు తీర్పులో తెలుగువాడైన జస్టిస్ ఎన్.వి.రమణ జనాభా లెక్కలను గుర్తుచేశారు. 2011లో ఇంటిపనే తమ ప్రధాన పని అని చెప్పిన ఆడవాళ్లు దాదాపు 15.98 కోట్లు. మగవాళ్లు 57.9 లక్షలే.

2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. భర్త సౌదీలో సంపాదిస్తుంటే ఇక్కడ పిల్లల్ని పెంచి ఇల్లు నడిపిన భార్యకు, ఆ సంపాదనతో కొన్న ఆస్తిలో సమాన వాటా ఉంటుందని జస్టిస్ కృష్ణన్ రామస్వామి తీర్పు చెప్పారు. ఆమె ఇల్లు చూసుకోబట్టే ఆయన సంపాదించగలిగాడన్నది తీర్పు సారాంశం.

రాసుకుంటేనే మిగిలేది

కోర్టు లెక్క నష్టపరిహారానికి, వాటాకు. ఇంటి లెక్క వేరు. పదకొండో రోజో, పదహారో రోజో కర్మకు చుట్టాలంతా ఎలాగూ కూడతారు. ఎన్ని కాన్పులు చేసింది, ఏ కరవులో ఏం వండి పెట్టింది, ఎవరి ఫీజుకు ఏ నగ కుదువ పెట్టింది.. ఒక్కొక్కరు ఒక్కోటి చెప్పినా ఓ నోటుబుక్కు నిండుతుంది. తెలుగు రాయడం రాకపోతే తమిళ అక్షరాల్లో రాసుకున్నా ఫర్వాలేదు. అమ్మ బతికుండగానే పక్కన కూర్చుని అడిగి రాసుకుంటే ఇంకా మేలు. తప్పులుంటే ఆమే దిద్దుతుంది.